విప్పక ముందే వెతకాలి: పాత బుల్లెట్‌లో ఆయిల్ లీకులు, ఇంజిన్ చప్పుళ్లు

(తిరుపతిలో పాత మోటార్ సైకిళ్ల యజమానులు, ఐటీఐ విద్యార్థులు కలిసిన సభలో ఒక మెకానిక్ చేసిన ప్రసంగం. చివర్లో అడిగిన ప్రశ్నలు, వాటి జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పాత బుల్లెట్ ఉన్నవాళ్లను ఎవరిని కదిలించినా రెండే మాటలు చెబుతారు. ఒకటి, ఆయిల్ కారుతోంది. రెండోది, ఇంజిన్‌లో ఏదో చప్పుడొస్తోంది. ఈ రెండు మాటలు చెవిన పడగానే మన షెడ్లలో వచ్చే మూడో మాట, "దించేసి విప్పేద్దాం సామీ" అని. ఆ మూడో మాటకు ముందు చేయాల్సిన పని చాలా ఉంది. ఈ పూట నేను చెప్పేదంతా ఆ పని గురించే.

విప్పితే ఏమవుతుందని మీరు అడగొచ్చు. పాత బుల్లెట్ క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్ అడుగున క్రాంక్ ఇరుసు తిరిగే పెట్టె, అల్యూమినియంది. దాంట్లో మరలు మెత్తగా ఉంటాయి. ముప్పై, నలభై ఏళ్లుగా ఎంతమంది చేతులు పడ్డాయో, ఎన్నిసార్లు బిగించి ఊడదీశారో ఎవరికీ తెలియదు. ఇంకోసారి విప్పితే ఒక స్టడ్డు మరతో సహా ఊడి చేతికొస్తుంది. రెండు ముఖాలు కలిసే చోట స్క్రూడ్రైవర్ దూర్చి తెరిస్తే గాటు పడుతుంది. ఆ గాటు ఇక ఎప్పటికీ ఆయిల్‌కు దారే. పైగా ఏళ్ల తరబడి కలిసి తిరిగిన గేర్లు, బుష్‌లు ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి. అవసరం లేకుండా వాటిని విడదీసి మళ్లీ కూర్చితే కొత్త చప్పుడు మొదలవుతుంది. పాత సామాన్ల కోసం మనం మద్రాసు పోయి పుదుపేటలోనో జీపీ రోడ్డులోనో గాలించాల్సిందే. దొరికినా అసలుదా, నకిలీదా అని సందేహం. అందుకే పిల్లలకు నేను మొదట నేర్పేది స్పానర్ పట్టడం కాదు, చూడటం, వినడం.

ఈ బండి మనకు మరీ దూరపుదేం కాదు. ఇంగ్లండులో రెడిచ్ ఊరి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మన మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. మద్రాసు పక్కనున్న తిరువొత్తియూర్‌లో బండ్లు తయారయ్యాయి. ఇక్కడి నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరే ఊరు అది. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. ఇనుప సిలిండరు (షెడ్లలో దాన్నే బోరు అంటాం), వాల్వుల్ని తెరిపించే పుష్‌రాడ్లు, ఇంజిన్‌కు వెనకాల విడిగా బిగించిన నాలుగు గేర్ల బాక్సు. ఈ కట్టుబడి గుర్తుంటే లీకు ఎక్కడినుంచి రాగలదో, ఎక్కడినుంచి రాలేదో సగం తేలిపోతుంది.

ముందు ఆయిల్ సంగతి. పాత బుల్లెట్‌లో ఆయిల్ ఒక చోట కాదు, మూడు చోట్ల ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ వేరు, ఎడమ పక్క చైన్ కవరులో (ఇంజిన్ నుంచి క్లచ్‌కు పోయే ప్రైమరీ చైన్ ఉండే చోట) ఆయిల్ వేరు, గేర్ బాక్సులో ఉండేది వేరు. నేల మీద మరక చూసి "ఇంజిన్ కారుతోంది" అనేస్తారు. వేలితో అద్ది చూడండి, వాసన చూడండి. ఇంజిన్ ఆయిల్ నల్లగా, కాలిన వాసనతో ఉంటుంది. చైన్ కవరులోది కాస్త తేటగా ఉంటుంది, క్లచ్ ప్లేట్ల పొడి కలిసి బూడిద రంగుకు తిరుగుతుంది. గేర్ బాక్సులోది చిక్కగా, గ్రీజులా సాగుతుంది, గేర్ ఆయిల్ పోసి ఉంటే గంధకం వాసన ముక్కుకు కొడుతుంది. ఒక్కోసారి అది అసలు ఆయిలే కాదు. కార్బురేటర్ నుంచి చెమ్మగిల్లిన పెట్రోలు, దుమ్ము కలిసి గేర్ బాక్సు నెత్తిన నల్లటి జిగురు పేరుస్తుంది. దాన్ని చూసి గేర్ బాక్సు విప్పించుకున్నవాళ్లు ఉన్నారు.

తర్వాత, ఆయిల్ పుట్టిన చోట కనబడదు. బండి పోతుంటే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది, ఆగితే బరువు కిందికి లాగుతుంది. హెడ్డు, అంటే సిలిండరు పై మూత, దగ్గర మొదలైన చుక్క బోరు రెక్కల వెంబడి జారి, క్రాంక్‌కేస్ మీదుగా వెనక్కి పాకి, సెంటర్ స్టాండ్ దగ్గర నేల మీద పడుతుంది. కాబట్టి తడిసిన చోట్లన్నిటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నది ఏదో చూడాలి. మురికి ఇంజిన్ మీద అది ఎవరికీ కనబడదు. ముందు కిరసనాయిలు, బ్రష్షు తీసుకుని రెక్కల సందుల్లో కూడా పోయేటట్టు కడగండి. చల్లటి ఇంజిన్ మీదే కడగాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఇంట్లో వాడే టాల్కం పౌడర్ అనుమానం ఉన్న చోటల్లా పల్చగా చల్లండి. అలిపిరి నుంచి జూ పార్కు మీదుగా చెర్లోపల్లి దాకా ఒకసారి పోయి రండి, ఇంజిన్ బాగా కాగాలి. దిగి చూస్తే తెల్లటి పౌడర్ మీద ముదురు గీత కనబడుతుంది. ఆ గీత పై కొన పట్టుకోండి, అదే మీ లీకు. తేలకపోతే మళ్లీ తుడిచి, పౌడర్ చల్లి, ఈసారి బండిని స్టాండు మీదే ఉంచి నడిపి చూడండి. గాలి వీచకుండా కారితే దారి ఇంకా తేటగా తెలుస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే చోటుకొస్తాను. బ్రీదర్.

పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ, దాని కింద క్రాంక్‌కేస్‌లో ఉన్న గాలి నలుగుతుంది. 346 సీసీ బండిలో అది తక్కువ గాలేం కాదు. ఆ గాలి బయటికి పోవడానికే బ్రీదర్ పైపు పెట్టారు. దాని కొసన బాతు ముక్కులా ఉండే రబ్బరు వాల్వు ఉంటుంది. లోపలి గాలిని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వకుండా మూసుకోవడం దాని పని. ఆ రబ్బరు ఎండకు గట్టిపడి రెండు పెదవులూ అతుక్కుపోయాయనుకోండి. లోపలి ఒత్తిడికి దారి లేదు. అప్పుడది ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ను తోసుకుని బయటికొస్తుంది. టాపెట్ కవరు (పుష్‌రాడ్ల అడుగు మూత), టైమింగ్ కవరు (కుడి పక్క గేర్ల మూత), పుష్‌రాడ్ల దారి, బోరు అడుగు ప్యాకింగ్, ఏదైనా కావచ్చు. మీరు ఒక ప్యాకింగ్ మారిస్తే అది పక్క ప్యాకింగ్‌ను వెతుక్కుంటుంది.

పాకాల వైపు నుంచి ఒక రైతు తన బుల్లెట్ తెచ్చారు. టాపెట్ కవరు దగ్గర కారుతోందని అంతకుముందే వేరే చోట ప్యాకింగులు మార్పించారు, అతుకులు మూసే షెలాక్ జిగురు పూయించారు, పైన ఎర్రటి పేస్టు కూడా పెట్టించారు. అయినా ఆగలేదు. నేను కవరు ముట్టుకోలేదు. వెనకాల బ్రీదర్ పైపు క్లిప్పు వదులు చేసి లాగి చూశాను. రబ్బరు ముక్కు వేళ్లతో నొక్కినా విచ్చుకోలేదు, చెక్కలా గట్టిపడి ఉంది. పైపు లోపల నీళ్లు, ఆయిల్ కలిసి పాల మీగడ రంగులో పేరుకుపోయి ఉంది. నోటితో ఊదితే గాలి అవతలికి పోలేదు. పైపు కడిగి, కొత్త రబ్బరు తొడిగి, పేస్టంతా గీకి మామూలు ప్యాకింగ్‌తో మూశాం. బండి పాకాల పోయి మళ్లీ వచ్చినప్పుడు టాపెట్ కవరు పొడిగా ఉంది. అయిన ఖర్చు ఒక రబ్బరు ముక్క. అంతకుముందు పోసిన దుడ్లు గుర్తొచ్చి ఆ పెద్దాయన చాలా బాధపడ్డారు. ఈ బాధ ఇంకొకరికి రాకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

బ్రీదర్ బాగున్నా ఒత్తిడి ఎక్కువగా ఉండొచ్చు. పిస్టన్ రింగులు అరిగితే పైన మండిన గ్యాసు పిస్టన్ పక్కల నుంచి కిందికి దిగుతుంది. ఇంజిన్ కాగాక బ్రీదర్ కొస దగ్గర చెయ్యి పెట్టండి. కొద్దిగా గాలి ఊపు ఉంటే సరే. పొగలా దట్టంగా, ఆగకుండా తోస్తుంటే, సైలెన్సర్‌లోనూ నీలం పొగ ఉంటే, అప్పుడు బోరు, రింగుల సంగతి చూడక తప్పదు. విప్పడానికి అది న్యాయమైన కారణం.

బుల్లెట్‌లో ఇంకో చిక్కు ఉంది. దీని ఆయిల్ ట్యాంకు క్రాంక్‌కేస్ పోతలోనే ఉన్నా, క్రాంక్ తిరిగే అర వేరు. టైమింగ్ కవరు లోపల రెండు పంపులుంటాయి. ఒకటి ట్యాంకు నుంచి ఆయిల్‌ను క్రాంక్‌కు పంపుతుంది, రెండోది కింద చేరిన దాన్ని వెనక్కి లాగుతుంది. బండి వారాల తరబడి ఆగి ఉంటే, అరిగిన పంపు సందుల్లోంచి ట్యాంకులోని ఆయిల్ మెల్లగా క్రాంక్ అరలోకి దిగిపోతుంది. ఓనరు వచ్చి డిప్‌స్టిక్ తీసి చూస్తాడు, ఆయిల్ అడుగంటి ఉంటుంది. కంగారుపడి అర లీటరో, లీటరో పోసేస్తాడు. కిక్ కొట్టగానే వీధంతా పొగ, బ్రీదర్ నుంచి ఆయిల్ ధార. తప్పు ఇంజిన్‌ది కాదు, ఎక్కువైన ఆయిల్ పోయే చోటు లేక బయటికొచ్చింది. చాలా రోజులు ఆగి ఉన్న బండిలో అలాగే ఆయిల్ చూడకండి. స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, కాసేపు ఆగాక చూడండి. అప్పుడు కనబడేదే నిజమైన మట్టం.

ఎడమ వైపు చైన్ కవరు గురించి రెండు ముక్కలు. అంత పెద్ద కవరును మధ్యలో ఒకే ఒక్క నట్టు పట్టి ఉంచుతుంది. చుట్టూ గాడిలో రబ్బరు రింగు ఉంటుంది. కారుతోందని ఆ నట్టును బలంగా బిగిస్తే కవరు మధ్యలో లోపలికి లాగి, అంచులు పైకి లేస్తాయి, కారడం పెరుగుతుంది. రబ్బరు మార్చండి, గాడి శుభ్రం చేయండి, కవరును అద్దం పలక మీద పెట్టి అంచు సమంగా ఆనుతోందో లేదో చూడండి, తర్వాత హెచ్చు బలం లేకుండా బిగించండి. అలాగే చైన్ కవరులో ఆయిల్ మట్టం తనంతట తానే పెరుగుతూ, ఇంజిన్ ఆయిల్ తగ్గుతూ ఉంటే, క్రాంక్ ఎడమ కొస దగ్గరి సీలు పోయి ఆయిల్ ఇటు దాటుతోందని అర్థం. బయట చుక్క కూడా పడదు. క్లచ్ జారడం మొదలైనప్పుడే చాలామందికి అనుమానం వస్తుంది.

హెడ్డుకు పోయే బయటి ఆయిల్ పైపుల బాంజో బోల్టుల (లోపల ఆయిల్ దారి ఉన్న బోల్టుల) దగ్గర కారితే రాగి వాషర్లు మార్చండి, పాతవే వాడాలంటే ఎర్రగా కాల్చి చల్లార్చి మెత్తబరచండి. కిక్ రాడ్ దగ్గర జిడ్డు గేర్ బాక్సుది, అది నిదానంగా చూసుకోవచ్చు.

ఇక చప్పుళ్లు. చప్పుడు కూడా ఆయిల్ లాంటిదే, పుట్టిన చోటు నుంచి ఇనుము వెంబడి పాకిపోయి ఇంకెక్కడో వినిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి కింది ఎముకకు ఆనించి వినండి. డాక్టర్లు వాడే స్టెతస్కోపు ఉంటే ఇంకా మంచిది. లుంగీ, తువ్వాలు, పొడవు చేతుల చొక్కా దూరంగా ఉంచండి, చైన్ తిరుగుతూ ఉంటుంది. హెడ్డు, బోరు, టైమింగ్ కవరు, చైన్ కవరు వరసగా తాకి వినండి. ఎక్కడ గట్టిగా వినిపించిందో అక్కడ ఆగి, ఆ పక్క చోటు కూడా విని పోల్చుకోండి.

చోటు ఒక్కటే చాలదు, లయ కూడా పట్టుకోవాలి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వుల్ని తెరిపించే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి టాపెట్, పుష్‌రాడ్, రాకర్ల చప్పుడు క్రాంక్ వేగంలో సగంగా, తేలిగ్గా, టిక్ టిక్ అని వస్తుంది. క్రాంక్‌తో పాటు తిరిగేవాటి చప్పుడు దానికి రెట్టింపు వేగంతో వస్తుంది. నెమ్మదిగా నడుస్తున్న బుల్లెట్‌లో ఈ తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది, కొత్త బండ్లలో ఇంత సులువు కాదు. టాపెట్ అనుమానమైతే ఇంజిన్ పూర్తిగా చల్లారాక, రెండు వాల్వులూ మూసి ఉన్న చోట పిస్టన్‌ను పైకి తెచ్చి, కుడి పక్క టాపెట్ కవరు తీసి పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో పట్టుకోండి. అది సులువుగా తిరగాలి, పైకీ కిందికీ కదలకూడదు. అంతే. చప్పుడే రాకూడదని మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కొంచెం టిక్ టిక్ ఉన్న బుల్లెట్ నాకు నచ్చుతుంది.

టాపెట్‌లా వినిపించి మోసం చేసేవి రెండున్నాయి. సైలెన్సర్ పైపు హెడ్డులో దిగే చోట సందు ఉంటే, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ చిట్ చిట్ అని పెరుగుతుంది. సైలెన్సర్ కొసను మందపాటి గుడ్డతో ఒక్క క్షణం అడ్డుకుంటే ఆ చప్పుడు ఇంకా ఎక్కువవుతుంది. రెండోది, కిక్ తేలికవ్వడానికి సిలిండరు గాలిని వదిలే డీకంప్రెసర్ వాల్వు సరిగా కూర్చోకపోవడం. దాని చుట్టూ మసి కలిసిన ఆయిల్ చిమ్మి ఉంటుంది, సబ్బు నీళ్లు పోస్తే బుడగలొస్తాయి.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు టకటకమని, కాగాక తగ్గిపోయే చప్పుడు పిస్టన్‌ది. బోరు కొంచెం అరిగిందని దానర్థం. ఆయిల్ తాగకపోతే, పొగ లేకపోతే దాన్ని అలాగే వదిలేయండి, ఇంకా చాలా దూరం తిరుగుతుంది. దీనికి తలకిందులుగా, కాగాక వచ్చే చురుకైన చప్పుడైతే పిస్టన్ పిన్నును అనుమానించండి.

బరువు మీద మాత్రమే వచ్చేవి ఊళ్లో తెలియవు. భాకరాపేట ఘాటు గానీ, చిత్తూరు నుంచి పలమనేరు పోతూ మొగిలి ఘాటు గానీ ఎక్కండి. మిట్ట ఎక్కుతూ టాప్ గేరులో యాక్సిలరేటర్ ఇస్తే కుండలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తే అది పింకింగ్, అంటే లోపల పెట్రోలు అదుపు తప్పి మండటం. టైమింగ్, అంటే ప్లగ్‌లో నిప్పు పడే వేళ, ముందుకు జరిగి ఉండొచ్చు, హెడ్డులో మసి గట్టిగా పేరుకుని ఉండొచ్చు. ఇగ్నిషన్ పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉంచి, తర్వాత టైమింగ్ సరిచేయండి. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ఈ వరస తప్పకూడదు. ఫుట్‌రెస్టుల్లో అదురుతూ గరగరమనేది క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగ్.

అందరూ భయపడేది బిగ్ ఎండ్, అంటే కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను పట్టే చోటి బేరింగ్. ధబ్ ధబ్ అని లోతుగా, యాక్సిలరేటర్ కొద్దిగా వదిలి మళ్లీ పట్టే చోట స్పష్టంగా వస్తుంది. దీని దగ్గర నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. బిగ్ ఎండ్ అని తీర్మానించే ముందు ఎడమ చైన్ కవరు ఒకసారి తీయండి. లోపల క్రాంక్ కొసన, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రోటరు ఉంటుంది. దాని నట్టు వదులైతే, లేదా అది చుట్టూ ఉన్న స్టేటరుకు ఒక పక్క తగులుతుంటే, అచ్చం బిగ్ ఎండ్ లాగే మోగుతుంది. చంద్రగిరి కుర్రాడి బండి ఒకటి ఈ చప్పుడుతోనే వచ్చింది. క్రాంక్ మార్చాలని ఎక్కడో చెప్పారట, డబ్బు కోసం అబ్బాయి అప్పు కూడా మాట్లాడుకున్నాడు. కవరు తీసి చూస్తే రోటరు మీద ఒక పక్కన మెరిసే గీత, దానికి ఎదురుగా స్టేటరు మీద కూడా అలాంటిదే. స్టేటరు నట్లు వదులు చేసి, చుట్టూ ఒకే మందం అట్టముక్క దూరేటట్టు సర్ది బిగించాం. చప్పుడు పోయింది. ప్రైమరీ చైన్ వదులైనా, క్లచ్ హబ్బు ఊగినా ఈ పక్క మోత వస్తుంది. క్లచ్ లివర్ పట్టుకుంటే చప్పుడు మారిందంటే వెతకాల్సింది క్లచ్‌లోనే.

ఇవేవీ కావని తేలి, ఆయిల్ వడకట్టే ఫెల్ట్ ఫిల్టర్‌లో మెరిసే రజను కనబడితే, ఇక ఆ బండిని తొక్కవద్దు. ఆటోలో వేసుకుని తీసుకెళ్లండి. కనెక్టింగ్ రాడ్ విరిగి క్రాంక్‌కేస్ పగిలిందంటే బాగుచేయడానికి ఏమీ మిగలదు.

ఇక ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

ప్రశ్న: అన్నా, ఆయిల్ కారకపోతే అది బుల్లెట్టే కాదంటారు కదా?

ఆ మాట మనం మానేయాలి తమ్ముడూ. కవర్ల అంచున కొద్దిగా చెమ్మ ఉంటే సరే, పాత ఇంజిన్‌లో అది సహజం. చుక్కలుగా నేల మీద పడితే మాత్రం అది లోపమే. ఆ ఆయిల్ వెనక టైరు మీద పడితే, ఘాటు మలుపులో మనిషి ప్రాణం పోతుంది. బండి మీద ప్రేమ ఉన్నవాడు కారుతుంటే మురిసిపోడు, వెతుకుతాడు.

ప్రశ్న: నాది మైసూరు జావా. బయట చుక్క పడదు, కానీ గేర్ ఆయిల్ తగ్గిపోతోంది. తెల్లటి పొగ.

జావా, యెజ్డీ టూ స్ట్రోక్ బండ్లు కాబట్టి లెక్క వేరు. 1961 నుంచి 1996 దాకా మైసూరులో తయారైన ఈ బండ్లలో క్లచ్, గేర్ల ఆయిల్ క్రాంక్ పక్కనే ఉంటుంది. మధ్యలో అడ్డంగా ఉన్న సీలు పోతే ఇంజిన్ ఆ ఆయిల్‌ను లోపలికి పీల్చి కాల్చేస్తుంది. పొగకు గేర్ ఆయిల్ వాసన ఉంటుంది, చూడండి. అవతలి పక్క సీలు పోతే గాలి పీల్చి, యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం దిగదు, వేడెక్కి పట్టేస్తుంది. అలా అనిపిస్తే వెంటనే ఆపేయాలి.

ప్రశ్న: మా నాన్నగారి బుల్లెట్ ఏళ్ల తరబడి షెడ్డులో ఉంది. స్టార్ట్ చేయొచ్చా అన్నా?

చేయొచ్చమ్మా, కాకపోతే మొదటి రోజే కిక్ కొట్టకండి. ప్లగ్ తీసి బోరులో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ప్లగ్ లేకుండానే కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. కదలకపోతే బలవంతం చేయకుండా మళ్లీ ఆయిల్ వేసి ఆగండి. తిరిగితే, కింద డ్రైన్ ప్లగ్గులు తీసి క్రాంక్ అరలో చేరిన పాత ఆయిల్, ట్యాంకులో ఆయిల్ రెండూ వంచేయండి. ఫిల్టర్ మార్చి కొత్త 20డబ్ల్యూ50 ఇంజిన్ ఆయిల్ పోయండి. బ్రీదర్ రబ్బరు మార్చండి. ట్యాంకులో పాత పెట్రోలు పారబోయండి. ప్లగ్ లేకుండానే చాలాసేపు కిక్ కొడితే పంపులు ఆయిల్‌ను లాగడం మొదలుపెడతాయి. తర్వాత ప్లగ్ పెట్టి స్టార్ట్ చేసి, హెడ్డు మీది ఆయిల్ పైపు బాంజో బోల్టు కొద్దిగా వదులు చేసి చూడండి. అక్కడ ఆయిల్ ఊరితే బోల్టు బిగించి నడపండి. ఊరకపోతే వెంటనే ఆపేసి నా దగ్గరికి తీసుకురండి, పంపు చూద్దాం.